సముద్రం హోటల్లో పూలదండ

ధర్మవరం,
4 మార్చి 2025

అక్కకు,

హేమ దండాలు. మగ్గమూ ఆడుతోంది, మోకాళ్ళూ ఆడుతున్నాయి కాబట్టి ఇక్కడ అంతా బాగున్నట్టే. నీ చెవుల సంగతేమిటి? కళ్యాణదుర్గం డాక్టరు ఇచ్చిన మిషన్ పెట్టుకుంటున్నావా, లేక అది బీరువాలోకి చేరిందా? ఫోన్ చేస్తే నువ్వు ఆ, ఆ అంటావు గానీ నేను చెప్పింది ఒక్క ముక్కా నీకు వినపడదు. అందుకే మళ్ళీ ఈ కాగితాలు, ఈ పోస్టు డబ్బా. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను వింతగా చూసింది.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. నేను సముద్రానికి పోతున్నాను.

భయపడకు, మద్రాసుకు కాదు, గోవాకు కాదు. పెనుకొండ దాటాక బెంగళూరు రోడ్డు పక్కన కొత్తగా ఒక రిసార్టు పెట్టారు. అందులో సముద్రం ఉందట. ఇసుక, కొబ్బరి చెట్లు, అలలు, పడవ, అన్నీ ఉన్నాయట. దాని పేరు ఇంగ్లీషులో ఉంది, మాకెవరికీ నోరు తిరగదు. ఇక్కడందరూ సముద్రం హోటల్ అనే అంటున్నారు. రేఖ గుర్తుంది కదా, ఒకప్పుడు నా పక్క మగ్గం నేసేది, ఇప్పుడు చీరల కొట్టు పెట్టుకుంది. దానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. కేకు వద్దు, సముద్రం కావాలని ఇంట్లో పట్టుబట్టింది. మొగుడు వద్దు, పిల్లలు వద్దు, నేనూ బయమ్మా మాత్రమే వెంట రావాలట. ముగ్గురం కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒకే వీధిలో ఉంటున్నాం. ముగ్గురం కలిసి ఊరు దాటింది మాత్రం కదిరి తేరుకొక్కదానికే.

ప్రయాణానికి పూలు కూడా ముందే చెప్పి పెట్టింది రేఖ. మా ఆయన పోయాక నేను పూలు పెట్టుకోవడం లేదని దానికి తెలుసు. అయినా ప్రతిసారీ నా వాటా కొంటుంది. అవి ఎప్పటిలాగే బయమ్మ జడలోకి పోతాయి.

బావ ఎలా ఉన్నాడు? శివరాత్రికి కూడా ఇంటికి రాలేదని రాశావు. ఈసారి ఫోన్ చేస్తే నేను అడిగానని చెప్పించు. చెప్పినా ఏం లాభం, నేల వైపు చూసి ఊ అంటాడు. నీ పెళ్ళైనప్పటి నుంచి చూస్తున్నాను, బావ ఒక్కసారైనా నా ముఖం చూసి మాట్లాడాడా? ఆడమనిషి ఎదురొస్తే చాలు, నేల మీద ఏదో పారేసుకున్నవాడిలా వెతుకుతాడు.

పోయి రమ్మని ఒక్క ముక్క రాయి. నువ్వు రాయకపోయినా పోతాను, కానీ రాస్తే సంతోషంగా పోతాను.

నీ చెల్లెలు
హేమావతి


కుందుర్పి,
9 మార్చి 2025

హేమావతికి,

అక్క రాసేది. చెవులు పోయాయి గానీ చేతులు పోలేదు, కాబట్టి నేనే రాస్తున్నాను.

పెనుకొండలో సముద్రమా? ఇక్కడ మా వీధికి ట్యాంకరు రాక ఎన్నాళ్ళో అయింది. ఆ రోజు వస్తుందన్నారు. బిందెలు వరుసలో పెట్టి, వాటి పక్కనే కూర్చుని నీ జాబు తెరిచాను. పక్కింటి రామాంజినమ్మకు చదివి వినిపించాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో ఏమో, వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా మా చుట్టూ చేరారు. అవి ఉప్పు నీళ్ళా మంచి నీళ్ళా అని రామాంజినమ్మ సైగ చేసి అడిగింది. కనుక్కుని రాయి. అందరూ ఎదురు చూస్తున్నారు.

పోయిరా. వద్దనడానికి నేనెవరిని? అయితే ఒక మాట. తడి బట్టలతో ఫోటోలు దిగొద్దు. బయమ్మ చేతిలో ఫోన్ ఎప్పుడూ ఉంటుంది. ఆమె, మా రామాంజినమ్మ దూరపు చుట్టాలు. బయమ్మ కోడలి సీమంతం ఫోటోలు నేను ఇక్కడ కూర్చుని చూశాను. ఒకసారి ఫోన్‌లోకి ఎక్కితే ఊరంతా చూస్తారు.

మీ బావ బాగున్నాడు. చివరి బోరు కూడా ఎండి, చెనక్కాయ పంట చేతికి రాక, ఆయన ఊరు విడిచిన సంగతి నీకు తెలుసు. అరవై దాటిన మనిషి, ఎవరు పనిస్తారని నేను బెంగపడ్డాను. దేవుని దయ వల్ల మంచి పనే దొరికింది. బెంగళూరు రోడ్డు దిక్కున ఎవరో పెద్దాయనది కొబ్బరి తోటట. తోటంతా మీ బావ పెత్తనమేనట, చేతి కింద పనివాళ్ళు ఉన్నారట. ఆ మీసం చూసే పెట్టుకున్నారని నా అనుమానం. మీసం మీద ఆయన చెయ్యి వేస్తే కూలీలు చెప్పకముందే లేచి నిలబడతారు. నాయన సంబంధం చూసి వచ్చి ఇంట్లో చెప్పిన మొదటి మాట కూడా మీసం గురించే. భూమి ఎంతో చెప్పడం మరిచిపోయాడు.

నెల నెలా దుడ్లు పంపిస్తున్నాడు. ఇంటికి మాత్రం రాడు. పండగకు రమ్మంటే చెట్లకు నీళ్ళు కట్టాలంటాడు. ఆయన ఫోన్ చేస్తే రామాంజినమ్మ విని నాకు సైగలతో చెబుతుంది. వీడియోలో కనపడమని అడిగిస్తే సిగ్నల్ లేదన్నాడట. మాట వినపడేంత సిగ్నల్ ఉండి ముఖం కనపడేంత సిగ్నల్ లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మిషన్ బీరువాలోనే ఉంది. పెట్టుకుంటే కూత పెడుతుంది, కుక్కరు నెత్తిన పెట్టుకున్నట్టు ఉంటుంది.

పోయి వచ్చి అన్నీ రాయి. ఏదీ దాచొద్దు.

కదిరమ్మ


ధర్మవరం,
18 మార్చి 2025

అక్కకు,

మంచి నీళ్ళే. రామాంజినమ్మకు చెప్పు. చేత్తో తీసి నాలుక మీద వేసుకుని చూశాను, కాస్త మందు వాసన అంతే.

అక్కా, చూసింది చూసినట్టు రాయడం నాకు చేతకావడం లేదు. దారి పొడుగునా మన కొండలే. అవే బండలు, అవే తుమ్మ చెట్లు, మూతులు ఎండిన గొర్రెలు. గేటు దాటగానే నీళ్ళు. ముందు నేను నమ్మలేదు, గోడ మీద బొమ్మ వేశారనుకున్నాను. ఇంతలో ఒక సైరన్ మోగింది. ఎక్కడో మిషన్ గుర్రుమంది. నీళ్ళు లేచి మా మీదికి వచ్చాయి. బయమ్మ చెప్పులు అక్కడే వదిలి గేటు దాకా పరుగెత్తింది. రేఖ కదలలేదు. నడుము దాకా తడిసి, అక్కడే నిలబడి ఏడ్చింది. ఎందుకే అంటే తెలియదంది. నేనూ మోకాళ్ళ లోతు దిగాను. నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది చూడు, భూమి నన్ను వదిలేసి పోతున్నట్టు అనిపించింది. ఇప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినా అదే గుర్తొస్తోంది.

పడుకోవడానికి బోదకొట్టం ఇచ్చారు. నిజంగా గడ్డి కప్పు వేసిన బోదకొట్టమే. ఉరవకొండలో మన చిన్నప్పుడు ఉన్నటువంటిదే. దాన్ని పీకించి మిద్దె వేసిన రోజు నాయన ఎంత సంబరపడ్డాడు! ఇప్పుడు బెంగళూరు నుంచి కార్లలో వచ్చి దాంట్లో పడుకుంటున్నారు. లోపల ఏసీ ఉంది. కొబ్బరి బోండాంలో పూవు గుచ్చి ఇస్తారు. పీతలు కూడా వండుతారట. బయమ్మ వాటిని చూసి, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దరొట్టె, చెనక్కాయ పొడి విప్పుకుని తింది.

ఇంకొక సంగతి ఉంది. రాయాలా వద్దా అని వచ్చినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఏదీ దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. బావ అక్కడే ఉన్నాడు. ఆ సముద్రం హోటల్లోనే. ఒంట్లో బాగానే ఉంది. నువ్వు రాసిన కొబ్బరి తోట అదే. అక్కడ వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు, ఆటలు, పాటలు, బెంగళూరు ఆడపిల్లలు, ఎప్పుడూ సందడిగా ఉంటుంది. బావ ఆ సందడి మధ్యలోనే ఉండాలి, ఉద్యోగం అలాంటిది. నన్ను చూసి చాలా ఇబ్బంది పడ్డాడు. మీ అక్కకు చెప్పొద్దని అడిగాడు. అందుకే ఇంతకంటే రాయను. అందులో తప్పేమీ లేదు, నువ్వేమీ అనుకోవద్దు.

ఒక నెమలిపింఛం రంగు చీర మొదలుపెట్టాను. ఉగాది లోపల ఇవ్వాలి. అచ్చుల్లో దారాలు కుదరక ప్రాణం తీస్తోంది.

హేమ


కుందుర్పి,
23 మార్చి 2025

హేమావతికి,

సగం చెప్పి సగం మింగడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న బుద్ధే. తప్పేమీ లేదని రాశావు. నేను అడగకముందే లేదని రాశావంటే ఉందన్నమాటే. చెట్లకు నీళ్ళు కట్టాలని పండగకు రాని మనిషి ఆటపాటల మధ్యలో ఉన్నాడా? బెంగళూరు ఆడపిల్లలంటే ఎవరు? అందరి గురించి రాశావా, ఒకదాని గురించి రాయలేక అందరినీ రాశావా? ఆడవాళ్ళ ముఖం చూడని మనిషి అని ఈ నెల మొదట్లో నువ్వే వెక్కిరించావు. వీడియోలో ఎందుకు కనపడడో ఇప్పుడు తెలిసింది. వెనకాల ఎవరుంటారో!

ఇక్కడి వరకూ నిన్న రాశాను. ఈ రోజు పోస్టు చేయబోతుంటే రామాంజినమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. బయమ్మ మీ సముద్రం ఫోటోలు పెట్టిందట.

ఒక ఫోటోలో నువ్వున్నావు. నీ ఎదురుగా ఎవడో ఒక మనిషి. ఒంటి మీద పూల చొక్కా, నడుముకు గడ్డితో కుట్టిన లంగా, నెత్తిన ఆకులు, మీసం లేని మూతి. వాడు నీ మెడలో దండ వేస్తున్నాడు. నువ్వు ఎటో చూసి నవ్వుతున్నావు. యాభై దగ్గర పడ్డ నా చెల్లెలు ఎవడో ఆటగాని చేత దండ వేయించుకుందని నెత్తి కొట్టుకున్నాను. రామాంజినమ్మ వేళ్ళతో ఆ బొమ్మను పెద్దది చేసింది. అప్పుడు చెవులు కనపడ్డాయి. చెవులకు ఎర్రరాయి పోగులు. మా అత్త చేయించి ఆయన చెవులకు పెట్టిన పోగులు.

హేమా, నేను ఆ ఫోన్ కింద పడేశాను. నలభై ఏళ్ళు కాపురం చేసి నా మొగుణ్ణి నేను పోగులు చూసి గుర్తుపట్టాను.

మన ఇళ్ళల్లో మగవాడు ఆడదాని మెడలో దండ ఎప్పుడు వేస్తాడో నీకు తెలియదా? అందులోనూ అక్క మొగుడు. నలుగురిలో, నవ్వుకుంటూ. పూలు మానేసిన మెడకు పూలు కావాల్సి వచ్చాయా? అవీ నా మొగుని చేతి మీద నుంచి కావాల్సి వచ్చాయా?

ఆయనకు ఫోన్ కలిపించి అడగాల్సినవన్నీ అడిగాను. ఈ ఇంటి దిక్కు రావద్దన్నాను. వీధి వీధంతా విన్నదట. ఆయన ఏదో చెప్పాడు. నాకు వినపడలేదు, వినాలని కూడా లేకపోయింది. పెట్టేశాను.

నాకు ఇంక జాబులు రాయొద్దు. నా గడప తొక్కొద్దు.

కదిరమ్మ


ధర్మవరం,
30 మార్చి 2025

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు. గడప తొక్కొద్దనకపోతే నేనే బస్సెక్కి వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. ఈ రోజు ఉగాది. ఇంట్లో పచ్చడి కూడా చేయలేదు.

ఆ హోటల్లో గేటు దాటే ప్రతి మనిషికీ దండ వేస్తారు. అక్కడి మర్యాద అది. ఏదో ద్వీపంలో అలా చేస్తారట, వీళ్ళూ చేస్తున్నారు. మా ముందు ఒక బస్సు నిండా జనం దిగారు. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, చంకలో పిల్లలకు, అందరికీ వేశారు. ఆ వేసేవాడు బావ. మీ బోరు ఎండాక ఆయనకు దొరికిన ఉద్యోగం అది. తల వంచుకుని వేస్తున్నాడు, ఎవరి ముఖమూ చూడడం లేదు. నేనూ ఆయన్ని చూడలేదు. నా చూపంతా నీళ్ళ మీదే ఉంది, అందుకే ఫోటోలో ఎటో చూసి నవ్వుతున్నాను. దండ మెడలో పడ్డాక తల తిప్పితే పోగులు కనపడ్డాయి. అదే క్షణంలో ఆయన నా చేతి పచ్చబొట్టు చూశాడు. నీ చేతి మీద ఉన్నదే కదా అది, అమ్మ ఇద్దరికీ ఒకే రోజు పొడిపించింది. ఆయన చేతిలో దండల బుట్ట కింద పడిపోయింది. మేనేజరు ఏయ్ రంగా అని అరిచాడు. కుందుర్పిలో పెద్ద పెద్దవాళ్ళు శ్రీరంగప్పన్నా అని పిలిచే మనిషిని, అక్కా.

మరుసటి రోజు పొద్దున్నే కొబ్బరి చెట్లకు నీళ్ళు పెడుతుంటే పోయి మాట్లాడాను. నేల వైపే చూస్తూ చెప్పాడు.

"మీ అక్కకు చెప్పొద్దు హేమా. తోటలో పని అంటి, అది అబద్ధం గాదు, ఈ చెట్లకు నీళ్ళు కట్టేది నేనే. జనం వచ్చే యాళకు ఆకులు కట్టుకోమంటారు, కట్టుకుంటాండా. మీసం తీస్తేనే పని అన్నారు, తీసినా. అది మొలిచినంక ఇంటికి పోదామనుకుంటి. మొలుస్తానే మళ్ళా తీయమంటాండారు. సేద్యం చేసినోన్ని, యా మొగం పెట్టుకొని పోయేది?"

పండగలకు ఆయన ఎందుకు రాలేదో అప్పుడు నాకు అర్థమైంది. బెంగళూరు ఆడపిల్లలు కాదు, ఎవరూ కాదు. మీసం. నీకు అది రాయలేక ఏదేదో రాశాను. నేను రాసిన దాన్ని నువ్వు అలా అర్థం చేసుకుంటావని ఊహించలేదు.

నా మెడలో దండ పడినందుకు ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మరదలు బిడ్డలాంటిదని, ఎక్కడికైనా పోయి ఈ పాపం కడుక్కోవాలని ఒకటే మాట. అది నిజం పూలు కావు బావా, గుడ్డ పూలు అని చెప్పాను. నీకూ అదే చెబుతున్నాను. గుడ్డ ముక్కలు దారంతో కుట్టి పెట్టారు. వాసన లేదు, బరువు లేదు. అది దండే కాదక్కా. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇప్పుడు నాకు భయంగా ఉన్న సంగతి రాస్తాను. నీ జాబు అందగానే ఆ హోటల్‌కు ఫోన్ చేశాను. నువ్వు ఫోన్ చేసిన సాయంత్రమే ఆయన ఆకులు విప్పి, మడిచి, ఒక చెట్టు కింద పెట్టి వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోన్ పలకడం లేదు. నేనూ బయమ్మా పెనుకొండ బస్టాండులో, రైల్వే స్టేషన్లో అడిగి వచ్చాం. ఫోటో పెట్టినందుకు బయమ్మ తలబాదుకుంటోంది. మన దిక్కు మగవాళ్ళు పంట పోతే ఎలాగో ఓర్చుకుంటారు. నలుగురిలో తల దించాల్సి వస్తే ఏం చేసుకుంటారో నీకు నేను రాయనక్కర్లేదు.

ఇంటికి వచ్చాడా? ఫోన్‌లో ఆయన ఏం చెప్పాడు, రామాంజినమ్మ విన్నదా? నన్ను ఎంత తిట్టినా తిట్టు, ఆ రెండు మాటలు మాత్రం రాయి.

హేమ


కుందుర్పి,
3 ఏప్రిల్ 2025

హేమావతికి,

కార్డు మీద రాస్తున్నాను, ఎవరైనా చదువుకుంటే చదువుకోనీ.

ఇంటికి రాలేదు. బళ్ళారిలో కూతురింటికీ పోలేదు. ఫోన్‌లో ఏం చెప్పాడో రామాంజినమ్మకు తెలియదు, ఫోన్ నేనే పట్టుకుని ఉన్నాను. వినపడని చెవికి ఫోన్ పెట్టుకుని తిట్టి పెట్టేశాను. ఆయన చెప్పింది ఎవరూ వినలేదు. నాకు చాలా భయంగా ఉంది.

గుడ్డ దండ దండ కాదని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ రాయొద్దు. నా పెళ్ళి ఏడు పెద్ద కరువు. ఉరవకొండకు పూలు రాలేదు. నాయన పట్టు నూలు చుట్టిన చిలపలకు రంగు వేయించి దండలు కట్టించాడు. నువ్వు చిన్నదానివి, మరిచిపోయావు. మీ బావ నా మెడలో వేసింది ఆ నూలు దండే. అది దండ కాకపోతే నాది పెళ్ళి కాదు.

పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. ఆయన్ని ఆఖరున చూసింది ఆ హోటల్ వాళ్ళే కాబట్టి అక్కడి నుంచే వెతుకుతాను. నువ్వు రావొద్దు.

కదిరమ్మ


కుందుర్పి,
9 ఏప్రిల్ 2025

హేమకు,

మీ బావ బతికే ఉన్నాడు. ముందు ఆ మాట చదువు, తరువాత నీళ్ళు తాగి మిగతాది చదువు.

బస్సులు మారి పోయేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. దారిలో ఎక్కడ బావి కనపడినా నా చూపు దాని మీదికే పోయింది. ఎక్కడ మనుషులు గుంపుగా నిలబడి ఉన్నా బస్సు ఆపమని అరిచాను. కండక్టరు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ గేటు దగ్గర వాచ్‌మన్‌కు నా సంగతి చెప్పాను. అతను ఏదో చెప్పాడు. నాకు వినపడదని చెవి చూపించాను. అతను ఇంకా గట్టిగా ఏదో చెప్పాడు. అదే వేళకు హిందూపురం నుంచి టీచరమ్మలు ఒక వ్యానులో దిగారు. నేను వాళ్ళ మనిషిననుకుని అతను నన్ను కూడా వాళ్ళ వరుసలోకి తోశాడు.

వరుస కదులుతోంది. ముందు ఒక మనిషి దండలు వేస్తున్నాడు. నున్నటి గుండు, మీసం లేదు, నడుముకు ఆ గడ్డి. మీ బావ కాదు, ఆయనకు జుట్టుంది కదా అనుకుని పక్కకు చూశాను. నా వంతు వచ్చింది. దండ నా ముఖం దాకా లేచింది. అప్పుడు పోగులు కనపడ్డాయి.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆయన తల దించుకునే ఉన్నాడు. నా కాళ్ళు చూస్తున్నాడు గానీ నన్ను చూడడం లేదు.

"తల ఎత్తు. మొగం చూసి ఎయ్యి" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. టీచరమ్మలంతా ఆగిపోయారు. ఆయన తల ఎత్తాడు. హేమా, మీసం తీసిన ఆ మూతి ఎంత చిన్నగా ఉందో! కళ్ళ నిండా నీళ్ళు. దండ పట్టుకుని ఉన్నాడు గానీ వేయలేకపోతున్నాడు.

"ఎయ్యప్పా. ఒగసారి ఏసిందే గదా, మళ్ళా ఎయ్యి" అన్నాను.

వేశాడు. నేను ఆ బుట్టలో నుంచి ఇంకొకటి తీసి ఆయన మెడలో వేశాను. గుడ్డ పూలే. నూలుతో మొదలైన కాపురానికి గుడ్డ ఏం తక్కువ? వాళ్ళంతా చప్పట్లు కొట్టారు, అది కూడా అక్కడి ఆటే అనుకున్నట్టున్నారు. ఫోన్లతో ఫోటోలు తీశారు. తీయనీ. ఒక టీచరమ్మ చేత ఆ ఫోటో రామాంజినమ్మకు పంపించాను. ఆమె బయమ్మకు పంపిస్తుంది. ఇది కూడా ఊరంతా చూడాలి.

ఆయన కదిరి పోయాడట. నీ మెడలో దండ వేసిన పాపానికి నరసింహస్వామికి తల నీలాలు ఇచ్చి, గుడి దగ్గరే పడుకుని, ఇంటికి రావద్దన్నాను కదా, ఇంకెక్కడికి పోవాలో తెలియక మళ్ళీ ఆ గేటు దగ్గరికే వచ్చాడట. సెలవుల రద్దీ అని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ రోజు ఫోన్‌లో ఏం చెప్పావని అడిగాను. నా చెవికి నోరు ఆనించి చెప్పాడు.

"నన్ను ఒగసారి వచ్చి చూసిపో, ఆమైన తిడుదువు గానీ అంటి. నీకు ఇనపల్యా."

నేను అక్కడే ఆ ఇసుకలో కూలబడి ఏడ్చాను. నలుగురూ చూశారు. చూడనీ.

మీ సముద్రం కూడా చూశాను. సైరన్ మోగుతుందని, మిషన్ గుర్రుమంటుందని రాశావు. నాకు ఏ సైరనూ లేదు, ఏ మిషనూ లేదు. నీళ్ళు వాటంతట అవే లేచి వచ్చాయి. మీ బావ నా పక్కన ఆ గడ్డి కట్టుకునే నిలబడ్డాడు. మీసం సంగతి మేనేజరుతో నేనే మాట్లాడాను. ఈ మనిషి చెట్లు చూసుకుంటాడు, దండలు వేస్తాడు, మీసం మాత్రం పెంచుతాడని చెప్పాను. అతను ఏమన్నాడో నాకు వినపడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క. నాలుగు రోజులు సెలవు పెట్టించి ఇంటికి తీసుకొచ్చాను. వీధిలోకి గుండుతోనే వచ్చాడు. రామాంజినమ్మ మొదట గుర్తుపట్టలేదు, తరువాత కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది.

ఇంక నీ సంగతి. ఫోటో చూసిన రోజు నీకు ఒక జాబు రాశాను. అది నీ దగ్గర ఉంటే పొయ్యిలో వేయి. అందులో పూల గురించి రాసిన మాట నేను రాయాల్సింది కాదు. ఎవరూ నీకు పూలు మానమని చెప్పలేదు. నువ్వే మానేశావు, నేను అక్కనై ఉండి చూస్తూ ఊరుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండ బస్టాండులో మీ బావ కనకాంబరాలు కొన్నాడు. సగం నేను పెట్టుకున్నాను, సగం తడిగుడ్డలో చుట్టి ఈ కవర్లో పెట్టాను. గుడ్డవి కావు, నిజం పూలే. కనకాంబరాలు తొందరగా వాడవు. నీకు అందేసరికి కాస్త ముడుచుకుని ఉంటాయి, అయినా బయమ్మకు ఇవ్వొద్దు. జడలో పెట్టుకుని మగ్గం మీద కూర్చో. ఎవరైనా అడిగితే మా అక్క పెట్టిందని చెప్పు.

అక్క